కట్టేసిన రూపాయి

చెక్కు రాయాల్సిన చోట కంపెనీలు గిఫ్ట్ కార్డు చేతిలో పెడుతున్నాయి. ఎందుకు? పుచ్చుకునేవాడికి మిగిలేదెంత?

ఎమ్మిగనూరులో కొత్తగా కడుతున్న ఇల్లు. పెయింటర్ ఇరవై లీటర్ల బకెట్ మూత ఊడదీశాడు. రంగు కలపకముందే వేళ్లతో తడిమి చిన్న టోకెన్ బయటికి తీశాడు. లుంగీ అంచుతో తుడిచి, జేబులో భద్రం చేసుకున్నాక గానీ బ్రష్ పట్టలేదు.

"కూలి ఇంటాయన ఇస్తాడన్నా. ఇది కంపెనీది. ఇంతకుముందు అంగట్లో ఇస్తే దుడ్లు చేతిలో పెట్టేవాళ్లు. ఇప్పుడు ఫోన్లో స్కాన్ చేస్తే పాయింట్లు, పాయింట్లు పెరిగితే కార్డు."

"ఏది మేలు?"

"దుడ్లే. దుడ్లయితే బియ్యం తేవొచ్చు, పిల్లోని ఫీజు కట్టొచ్చు. కార్డు తీసుకుపోతే బడిలో ఒప్పుకుంటారా?"

రంగుల కంపెనీ పెయింటర్‌కు, సిమెంటు కంపెనీ మేస్త్రీకి, ఫోన్ల కంపెనీ దుకాణదారుకు, యజమాని దీపావళికి సిబ్బందికి ఇచ్చేది మెల్లగా కార్డులోకి, కూపన్‌లోకి మారుతోంది. ఈ మార్పు వెనక ఉన్న లెక్క తెలుసుకోవాలి.

చెక్కుతో తంటా

చెక్కంటే పేరు తప్పు లేకుండా రాయాలి, సంతకం చేయాలి, చేరవేయాలి, బ్యాంకులో పడిందో లేదో చూసుకోవాలి. 2012 ఏప్రిల్ నుంచి చెక్కు చెల్లుబాటు మూడు నెలలే. పుచ్చుకున్నవాడు పని మానుకుని బ్యాంకుకు పోవాలి. 2025 అక్టోబరు 4 నుంచి క్లియరింగ్ అదే రోజు జరుగుతున్నా ఆ నడక తప్పలేదు. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే చెక్కులకు వర్తించే చట్టంలో 138వ సెక్షన్ ఉంది: రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా, లేదా రెండూ.

అయిదు వందల రూపాయల బహుమతి వెయ్యి మందికి ఇవ్వాలంటే ఇంత తతంగం ఏ కంపెనీకైనా బరువే. కార్డయితే ఫోన్ నంబర్ల జాబితా చాలు, ఒక్కసారిలో అందరికీ చేరిపోతుంది.

అయితే నేరుగా ఖాతాలో వేయడం కూడా ఇప్పుడు అంతే సులువు. టీ కొట్టులో పది రూపాయలు కూడా ఫోన్లోనే కడుతున్నాం. మరి ఖాతా వదిలి కార్డు ఎందుకు?

అసలు లెక్క

ఒకటి, వేల కార్డులు టోకున కొంటే దుకాణం కంపెనీకి తగ్గింపు ఇవ్వొచ్చు. వెయ్యి రూపాయల బహుమతి కంపెనీకి వెయ్యి కన్నా తక్కువకే పడుతుంది.

రెండు, ఖాతాలో పడ్డ డబ్బు ఎరువుల బాకీలో కలిసిపోతుంది, ఎవరిచ్చారో గుర్తుండదు. కార్డు రూపాయి మాత్రం ఫలానా దుకాణం గడపే తొక్కాలి. అక్కడ పన్నెండు వందల చీర నచ్చితే పై రెండు వందలు మన జేబులోంచే.

మూడు, మిగులు. వెయ్యి కార్డుతో 940 రూపాయల సరుకు కొంటే అరవై అందులోనే నిలిచిపోతుంది. కొందరు కార్డు పారేసుకుంటారు, కొందరు గడువు మరిచిపోతారు. ఇలా వాడకుండా పోయే భాగానికి 'బ్రేకేజ్' అని పేరు. అదెంత ఉంటుందో అంచనా కట్టి దుకాణం తన ఆదాయంలో చూపుకోవడానికి లెక్కల ప్రమాణాలే దారి ఇస్తున్నాయి.

నాకూ ఈ రుచి తెలుసు. పాడైన వస్తువు తిరిగి ఇస్తే ఒక దుకాణం డబ్బుకు బదులు కూపన్ ఇచ్చింది. నాకు కావలసింది దొరికేలోపు గడువు తీరింది. అది నా డబ్బు.

పత్తి రూపాయి దారులు

కట్టేయని రూపాయిని చూడాలంటే ఆదోని మార్కెట్ యార్డుకు రండి. పత్తి రాశి పోసుకుని రైతు ధర కోసం చూస్తుంటాడు. ధర కుదిరాక కాటా, ఆపై చేతికి తక్‌పట్టీ, అంటే అమ్మకం చీటీ. పత్తి సంస్థ సీసీఐకి అమ్మితే డబ్బు ఆధార్‌తో ముడిపడిన ఖాతాలో పడుతుంది. 2025-26లో పొడవు పింజ మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. పది క్వింటాళ్లకు 81,100. అంత మొత్తానికి ఒక కార్డు ఇస్తామంటే ఏ రైతైనా పత్తి మళ్లీ బండికెత్తుకుంటాడు. ఆ రూపాయి మందుల అంగడికి పోవాలి, ట్రాక్టరు బాడుగకు పోవాలి, బ్యాంకు బాకీకి పోవాలి. మిగిలితేనే ఆ ఏడు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోకుండా ఇంటిపట్టున ఉండటం. కష్టం చేసి తెచ్చుకున్న రూపాయికి అన్ని దారులూ తెరిచి ఉండాలి.

కూలి విషయంలో చట్టం ఈ మాట ఎప్పుడో చెప్పింది. తమ దుకాణంలోనే చెల్లే బిళ్లలతో కూలి ఇచ్చే యజమానుల్ని బ్రిటన్ 1831లోనే చట్టంతో కట్టడి చేసింది. మన 1936 వేతన చెల్లింపు చట్టం కూలి నాణేల్లోనో నోట్లలోనో ఇవ్వాలంది. 2017 సవరణ చెక్కుకూ ఖాతాకూ దారి సుగమం చేసింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతన కోడ్‌లోనూ కూపన్‌కు చోటు లేదు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం నిలబెట్టిన ఎమ్మిగనూరులో మగ్గం మీద బతికే ఇంటికి కూలి డబ్బుగానే రావడం చిన్న విషయం కాదు. నేతన్న నేస్తం అనే ప్రభుత్వ పథకం కింద ఏడాదికి 24,000 రూపాయలు కూడా ఖాతాలోనే పడ్డాయి.

గిఫ్ట్ కార్డుకూ రిజర్వు బ్యాంకు 2021లో హద్దులు గీసింది. పదివేలు దాటకూడదు, మళ్లీ డబ్బు నింపకూడదు, నగదు తీసుకోకూడదు. కనీసం ఏడాది గడువు ఉండాలి, అది తీరే ముందు 45 రోజుల్లో హెచ్చరించాలి. ఒక దుకాణం తన సరుకుకే ఇచ్చుకునే కూపన్‌కు మాత్రం రిజర్వు బ్యాంకు అనుమతి అక్కర్లేదు. మనం ఎక్కువ మోసపోయేది అక్కడే.

కానుకా, బాకీయా?

కానుకగా ఇచ్చేదాన్ని కార్డులో ఇవ్వండి, తప్పు లేదు. కానీ బాకీ ఉన్నదాన్ని, అంటే వాపసు సొమ్మును, పరిహారాన్ని, కమీషన్‌ను కార్డులో ఇవ్వడం తగదు. ఆ పెయింటర్ చెప్పాడనే ఇంటాయన ఆ కంపెనీ రంగు కొన్నాడు. టోకెన్ విలువ అతని సంపాదన. కార్డు కావాలా, ఖాతాలో వేయాలా అని ముందు అతన్ని అడగాలి. షరతులు తెలుగులో, గడువు పెద్ద అక్షరాల్లో ఉండాలి.

నేను బయల్దేరుతుంటే పెయింటర్ ఫోన్ అందించాడు. "నిరుడు వచ్చిన కార్డన్నా. ఎప్పటిదాకా పని చేస్తుందో చూడు." అంతా ఇంగ్లీషు. వేలితో జరుపుతూ పోతే అట్టడుగున తేదీ కనిపించింది. ఇంకా పదకొండు రోజులుంది. చెప్పాను. అతను రంగు చేతులు కడుక్కోవడానికి లేచాడు.