బెదిరిన కుక్కకు గడువు కావాలి

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిరప కళ్లాల వద్ద రాత్రి కాపలాకు కుక్క తోడుంటుంది. సాకలేని రోజు వస్తే కొందరు దానిని జంతు శరణాలయానికి అప్పగిస్తారు. 1992లో హైదరాబాదులో ఏర్పడిన బ్లూ క్రాస్ అటువంటి సంస్థే.

యజమాని కనుమరుగు కాగానే కుక్క తోక ముడిచి మూలకు ఒదుగుతుంది. దగ్గరికి పోతే గుర్రుమంటుంది. అది పొగరు కాదు, భయం. అందుచేత తెలిసినవారు మొదటిరోజే దాని గుణం తేల్చరు. కళ్లలోకి చూడకుండా పక్కకు తిరిగి కూర్చుని, అన్నం ముద్ద దూరంగా పెడతారు. మనిషి ఎదుట తింటోందా, ముడిచిన తోక సడలుతోందా అని కొన్ని రోజులు గమనిస్తారు. తొందరపడి చేయి చాస్తే బెదిరిన కుక్క కరుస్తుంది.

కరిస్తే గాయాన్ని సబ్బునీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పసరు మందు రేబిస్‌ను ఆపదు. కుక్కను అప్పగించేవారు దాని టీకాల సంగతి, బెదురు సంగతి దాచకుండా చెప్పాలి.