పాత బీరువాకు కొత్త రంగు

మన ఇండ్లలో పెద్దవారి కాలంనాటి కర్ర బీరువా ఒకటి పడకగది మూల నిలబడి ఉండడం పరిపాటి. నాయనమ్మగారు కాపురానికి వచ్చినప్పుడు సారెతో వచ్చిందని చెప్పుకుంటారు. పెంకుటింట్లో ఉన్నన్నాళ్ళు దానికి లోటు లేదు. వాటాల మేడల్లోకి మారిన తరువాత, రంగు పెచ్చులూడి, తలుపు కిర్రుమంటూ, అది పిల్లల కంటికి ఆనదు. పాతసామానుల వర్తకుడు వచ్చి, పైకీ క్రిందికీ చూసి, కట్టెల ధర కడతాడు. అతడే దానికి మెరుగుపెట్టి అమ్మేటప్పుడు ఏ ధర చెబుతాడో బజారుకు పోయి అడిగినవారికి తెలుసును. అమ్మకముందు పదిరోజులు శ్రమపడి రంగు వేసి చూడండని మా మనవి.

అయితే ప్రతి పాత కర్రకూ రంగు పూయరాదు. టేకు, ఇరుగుడు వంటి చేవకర్ర మీద పాలిషు మాత్రమే ఉంటే, ఆ గీతల అందం చెడగొట్టకండి. స్పిరిటులో తడిపిన దూదితో కంటబడని చోట రుద్ది చూడండి. పైపూత మెత్తబడి దూదికి అంటుకుంటే అది లక్కపాలిషు. దానిని రంగుతో కప్పడం పట్టుచీరకు గంజి పెట్టినట్టే. మామిడికర్రకూ, ఇదివరకే రంగు పడినవాటికీ ఆ చింత లేదు. బెంగుళూరులో మా ఇంటి బీరువా ఈ రెండో తరగతిది. దానికి ఎవరో ఎప్పుడో ఆకుపచ్చ రంగు దట్టంగా పూసి ఉన్నారు.

ఇక అసలు సంగతి. పాత రంగులలో సీసం కలిపేవారు. పసుపుపచ్చ, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ వన్నెలలో అది మరీ ఎక్కువగా ఉండేది. మన దేశంలో ఇంటి రంగులలో పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళకు మించి సీసం ఉండరాదని 2016లో కేంద్రప్రభుత్వం నిబంధన చేసింది. 2017 నవంబరు 1 నుండి అది అమలులోకి వచ్చింది. అంతకు పూర్వపు రంగయితే సీసం ఉన్నదనే అనుకొని పనిచేయడం క్షేమం. దానిని పొడిగా గీకితే సన్నని ధూళి లేచి నేలంతా పరుచుకుంటుంది. ప్రాకే పిల్లలు ఆ నేల తాకిన చేయే నోట పెట్టుకుంటారు గదా! సీసం పసివారి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంతవరకు ఫరవాలేదనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

అందుచేత మేము ప్రాకే బిడ్డనూ తల్లినీ ముందుగా పుట్టింటికి పంపివేశాము. గట్టిగా పట్టి ఉన్న రంగును ఊడగొట్టనక్కరలేదు. పెచ్చులు లేచినచోట మాత్రం నీళ్ళలో ముంచిన వాటర్ పేపరుతో రుద్ది, మిగిలినచోట్ల కొత్త రంగు పట్టేటందుకు తడిగానే పైపైన గరుకు చేస్తే చాలును. క్రింద పాత ప్లాస్టిక్ గుడ్డ పరిచి, మూతికి ఎన్ 95 ముసుగు వేసుకొని, తడిగుడ్డతోనే తుడవాలి. చీపురు పట్టరాదు. మంటపెట్టి కాల్చి ఊడదీయడం అంతకన్నా ప్రమాదం. మా పనివాడు “తడిపితే పని సాగదండీ” అని గొణిగాడు. రెండు రోజుల కూలి ఎక్కువైనా సరే, తడిపే చేయించాము.

తక్కిన పని తేలికే. తలుపులు ఊడదీయడం, పగుళ్ళకు లప్పం పెట్టడం, ఆరాక రుద్ది ప్రైమరు ఒక పూత, ఎనామిల్ రెండు పలుచని పూతలు. ఒక్క దట్టమైన పూత వేస్తే అది కారి చారలు కడుతుంది. పూతకూ పూతకూ మధ్య ఒక రాత్రి ఆగండి. వానకాలంలో రంగు త్వరగా ఆరదు కనుక, సంక్రాంతి వెళ్ళిన తరువాతి ఎండలు ఈ పనికి అనువు. కర్ర క్రింద సన్నని పొడి రాలుతూ ఉంటే మాత్రం లోపల పురుగు ఉన్నట్టు. ముందు దానికి మందు వేయించకుండా ఎంత రంగు పూసినా వ్యర్థం. ఇత్తడి పిడులు చింతపండుతో తోమితే కొత్తవి కొననక్కరలేదు.

వన్నె ఎవరి ఇష్టం వారిది. చిన్న గదికి లేత రంగే నప్పుతుందని మా అభిప్రాయం. మేము మజ్జిగ తెలుపు వేసి, తలుపుల అంచున మాత్రం సన్నని ముగ్గుగీత దించాము. బజారులో దొరికే అంటింపు నెమళ్ళ జోలికి పోలేదు.

సొరుగులు బయటికి లాగినప్పుడు వాటి వెనుక వడ్రంగి ఉలితో చెక్కిన అంకెలు కనిపించాయి: ౧, ౨, ౩, ౪. బడిలో కన్నడం చదివే పిల్లలు అవి కన్నడపు అంకెలన్నారు, నాయనమ్మగారు తెలుగువన్నారు. రెండు లిపులూ తోబుట్టువులే కనుక ఎవరినీ కాదనలేకపోయాము. చేతిపని గనుక ఏ సొరుగు దాని అరలోనే ఇముడుతుంది. అంకె చూసుకొనే తిరిగి పెట్టాలి. కాబట్టి అక్కడ రంగు వేయనివ్వలేదు. సొరుగుల ప్రక్కలకు కూడా వేయకండి, బిగుసుకుపోతాయి. వాటికి కొవ్వొత్తి రుద్దితే జారుడుగా వస్తాయి. రంగు పూర్తిగా గట్టిపడడానికి వారం పదిరోజులు పడుతుంది. అంతవరకు తలుపులు తెరిచే ఉంచి, ఆ తరువాతనే చీరలు సర్దండి.