బాలింతకు కూలి ఎవరిస్తారు?

నడిగడ్డలో పత్తి పువ్వు ఎవరి కోసమూ ఆగదు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల ప్రాంతం సీడ్ పత్తికి పెట్టింది పేరు. మధ్యాహ్నం దాటాక, మరునాడు విచ్చుకోబోయే మొగ్గను వెతికి, రేకలు గోటితో వలిచి, పుప్పొడి తిత్తులు తీసేయాలి. తెల్లారి మగ పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. ఆ పొద్దు దాటితే ఆ కాయ దక్కదు. ఇలాంటి పనికి, పచ్చి బాలింతరాలు కూడా గట్టు మీది చెట్టుకు చీరతో తొట్టెల కట్టి సాళ్లలోకి దిగాల్సి వస్తోంది. ఎందుకంటే ఇంట్లో కూర్చుంటే ఆ రోజు కూలి పోతుంది.

ఆ తల్లి కోసం సర్కారు ఏమీ చేయలేదనడం అన్యాయం. 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్ పథకంలో మగబిడ్డ పుడితే 12 వేలు, ఆడపిల్ల పుడితే 13 వేలు ఇస్తామన్నారు. గర్భిణిగా పరీక్షలు చేయించుకుంటే 3 వేలు, సర్కారు దవాఖానలో కాన్పయితే 4 వేలు (ఆడపిల్లకు మరో వెయ్యి), మూడున్నర నెలల టీకాలకు 2 వేలు, తొమ్మిదో నెల టీకాకు 3 వేలు. పైగా దోమతెర, సబ్బులు, చీరలతో కిట్టు.

ఈ వాయిదాలను మళ్లీ ఒకసారి చూడండి. ప్రతి రూపాయీ ఒక పరీక్షకో, కాన్పుకో, సూదికో ముడిపడింది. దవాఖానకు రప్పించడానికి మంచి ఉపాయమే, కాదనను. కానీ బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఇంటిపట్టున ఉన్న రోజుకు ఇందులో వెల కట్టలేదు.

లెక్క వేద్దాం. 2017-18లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 197 రూపాయలు. 12 వేలంటే 61 రోజుల కూలి. 2025-26లో ఆ కూలి 307. అదే 12 వేలు అప్పటికి 39 రోజులకే సరి. ఆరు నెలలు తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టొద్దని డాక్టరమ్మ చెబుతుంది. మిగతా నాలుగున్నర నెలలకు పైగా ఆ ఇల్లు ఎలా గడవాలో మాత్రం చెప్పదు, అది ఆమె చేతిలో లేదు. ఆఫీసులో పనిచేసే అమ్మాయికి 2017 సవరణతో 26 వారాల జీతంతో కూడిన సెలవు చట్టమే ఇచ్చింది. పత్తి చేను ఆ చట్టంలోకి రాలేదు.

కేంద్రం మాతృ వందన పథకం మాత్రం ‘కోల్పోయిన కూలికి కొంత పరిహారం’ అని ఒప్పుకుంది. మొదటి బిడ్డకు ఇచ్చేది 5 వేలు. 2013 నాటి ఆహార భద్రతా చట్టం 6 వేలకు తగ్గొద్దని రాసినా అంతే. మన కిట్టు ఉందన్న కారణంతో తెలంగాణ అప్పట్లో ఆ పథకంలో చేరలేదు.

పౌష్టికాహారం సంగతీ అంతే. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం, గుడ్డు, పాలు ఉంటాయి. పొద్దున్నే చేనుకు పోయిన తల్లికి మధ్యాహ్నం అన్నం అంగన్‌వాడీలోనే పెడితే ఏం లాభం? 2022 డిసెంబరులో రక్తహీనత ఎక్కువున్న తొమ్మిది జిల్లాల గర్భిణులకు న్యూట్రిషన్ కిట్లు ఇచ్చారు. అప్పుడు అందులో గద్వాల, నాగర్‌కర్నూల్ ఉండగా, వనపర్తి లేకపోయింది. 2016 అక్టోబరు దాకా ఈ మూడూ ఒకే పాలమూరు జిల్లా. గీత గీసినంత మాత్రాన వనపర్తి ఆడవాళ్ల నెత్తురు చిక్కబడిందా? ఇక నల్లమలలో మన్ననూరు అవతలి పెంటల్లో, అంటే అడవి గూడేల్లో, ఉండే చెంచు తల్లికి దవాఖానకు చేరడమే ఒక ప్రయాణం.

ఇంటిపట్టున బిడ్డను చూసుకునే రోజుకు వెల కట్టిన దేశమూ ఉంది. ఫిన్లాండ్‌లో 1985 నుంచి మూడేళ్లలోపు బిడ్డను ఇంట్లోనే పెంచుకునే కుటుంబానికి నెలనెలా భత్యం ఇచ్చే చట్టం ఉంది. దానివల్ల ఆడవాళ్లు ఉద్యోగాలకు దూరమవుతున్నారన్న విమర్శా అక్కడ ఉంది. మన దగ్గర ఆ చర్చ తర్వాతి మాట. ఇక్కడి తల్లి పనికి దూరం కావడం లేదు, పచ్చి ఒంటితో పనికి పోతోంది. తల్లికి వీలుకాని రోజు బిడ్డను చూసే అవ్వకూ ఏ పద్దులోనూ పైసా లేదు.

2025-26 రేటుతో, వారానికి ఆరు రోజుల చొప్పున 26 వారాలకు ఉపాధి హామీ కూలి 47,892 రూపాయలు. కిట్టు పథకంలోని 12 వేలు అందులో నాలుగో వంతు. టీకాల వాయిదాలు అలాగే ఉంచి, ఆరు నెలల పాటు నెలనెలా కూలి డబ్బు బాలింత ఖాతాలో వేయాలి. ముందుగా ఈ మూడు జిల్లాల్లోనే మొదలుపెట్టాలి.