గవదబిళ్లలు మగవారికి వస్తే...

గవదబిళ్లలు పిల్లల జబ్బుగానే అందరికీ తెలుసు. చెవి కింద, దవడ మూలన లాలాజల గ్రంథులు ఉబ్బుతాయి. నాలుగు మెతుకులు నమలడమే కష్టమవుతుంది. వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. అదే వైరస్ యుక్తవయసు వచ్చిన మగవారికి సోకితే వృషణాలకూ పాకవచ్చు. టీకా పడని వారిలో నూటికి 15 నుంచి 30 మందికి ఈ ఇబ్బంది వస్తుంది. కొత్త సంగతేమీ కాదు, క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలోనే గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పేరిట ఉన్న గ్రంథాల్లో తాసోస్ దీవిలోని రోగుల గురించి రాస్తూ ఈ రెండు వాపులనూ కలిపే చెప్పారు.

దవడ వాపు మొదలైన నాలుగు నుంచి ఎనిమిది రోజులకు, ఇక తగ్గిందిలే అనుకుంటుండగా, మళ్లీ చలిజ్వరం వస్తుంది. ఒక పక్క వృషణం వాచి, బట్ట తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి పుడుతుంది. రెండు పక్కలా రావడం తక్కువ. వృషణం చుట్టూ సాగని గట్టి పొర ఒకటి ఉంటుంది. వాపుకు చోటు చాలక, ఆ ఒత్తిడికి వీర్యకణాలు తయారయ్యే సన్నని నాళికలు నలిగిపోతాయి. అందువల్లే నయమైన కొన్ని నెలలకు దాదాపు సగం మందిలో ఆ వృషణం కొంత చిన్నదవుతుంది.

ఇక్కడే ఇళ్లలో భయం మొదలవుతుంది. కానీ వృషణం చిన్నదైనంత మాత్రాన పిల్లలు పుట్టరని కాదు. కొందరిలో వీర్యకణాలు తగ్గినా, రెండో వృషణం బాగుంటే సాధారణంగా సంతానానికి అడ్డు ఉండదు. పూర్తిగా సంతానశక్తి పోవడం చాలా అరుదు, అదీ ఎక్కువగా రెండు పక్కలా దెబ్బతిన్నప్పుడే. లైంగిక సామర్థ్యం మరో విషయం. టెస్టోస్టెరాన్ తయారుచేసే కణాలు ఆ నాళికల బయట ఉంటాయి. జబ్బు సమయంలో ఆ హార్మోన్ తగ్గినా చాలామందిలో కోలుకుంటుంది. కోరిక, అంగస్తంభన తగ్గినట్టు అనిపిస్తే రక్తపరీక్షతో తెలుసుకోవచ్చు. సిగ్గుపడి దాచుకోవడం వల్లనే నష్టం ఎక్కువ.

వీర్యపరీక్షకు తొందరపడకూడదు. ఒక వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. జ్వరం ఏదైనా, కోవిడ్‌తో సహా, ఆ తయారీని కొన్నాళ్లు తగ్గిస్తుంది. కోలుకున్న మూడు నెలలకు చేయిస్తేనే అసలు పరిస్థితి తెలుస్తుంది.

ఈ వైరస్‌కు ప్రత్యేక మందు లేదు. యాంటీబయాటిక్స్ దీనిమీద పనిచేయవు. విశ్రాంతి, బిగువైన లోదుస్తుల ఆసరా, గుడ్డలో చుట్టిన ఐసు, డాక్టరు చెప్పిన నొప్పి మాత్రలు సరిపోతాయి. అయితే దవడ వాపు లేకుండా వృషణంలో హఠాత్తుగా నొప్పి వస్తే అది మెలిక పడటం కావచ్చు. ఆరు గంటల్లోపు ఆపరేషన్ జరిగితేనే వృషణం దక్కే అవకాశం ఎక్కువ కాబట్టి తెల్లవారేదాకా ఆగకూడదు.

గవదబిళ్లలకు అమెరికాలో మారిస్ హిల్లెమన్ రూపొందించిన టీకా 1967లో వచ్చింది. మన ప్రభుత్వ కార్యక్రమంలో ఇచ్చే ఎంఆర్ టీకా తట్టు, రుబెల్లాలకే. గవదబిళ్లలకూ కలిపి ఉండే ఎంఎంఆర్‌ను 9, 15 నెలల్లో, మళ్లీ 4–6 ఏళ్ల మధ్య వేయించాలని భారత శిశువైద్యుల సంఘం సూచిస్తోంది. చిన్నప్పుడు జబ్బూ రాక, టీకా కూడా పడని యువకులు కనీసం నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు వేయించుకోవచ్చు.