శాలువా వద్దు, పది పేజీలు చదవండి

తెలుగులో రచయితల సభలకు కొదవ లేదు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితలు కలిశారు. 1953 జనవరిలో ఆలంపురంలో జరిగిన ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలను తెలంగాణ సాహితీప్రియులు ఇప్పటికీ తలుచుకుంటారు. 1970లో విప్లవ రచయితలు సంఘం పెట్టుకున్నారు, 1975లో హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. పద్యకవులకు, అవధానులకు, హైకూలు నానీలు రాసేవాళ్లకు కూడా ఎక్కడో ఒకచోట వేదిక దొరుకుతుంది. ప్రేమ నవల పేరు మీద నిలదొక్కుకున్న వేదిక మాత్రం కనిపించదు. తెలుగువాళ్లు కొని, అద్దెకు తెచ్చుకుని, పక్కింట్లో అడిగి పుచ్చుకుని చదివిన పుస్తకాల్లో పెద్ద వాటా ఆ నవలలదే కావడం ఇందులో విచిత్రం. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ 1960లలో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది, పుస్తకమై ముద్రణ మీద ముద్రణ పడింది, 1976లో సినిమా అయింది. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’గా తెరకెక్కింది. ఇంత ఆదరణ ఉన్న రచనను కొత్తగా చేపట్టాలనుకునే మనిషి ఎక్కడికి వెళ్లి నేర్చుకోవాలన్న ప్రశ్నకు మన దగ్గర జవాబు లేదు. హైదరాబాదు శివారు అల్వాల్‌లోనో మచ్చబొల్లారంలోనో కూర్చుని ఫోన్‌లో ప్రేమకథ రాసుకుంటున్న అమ్మాయికి నిజంగా కావలసింది ఏమిటో తేల్చుకుంటే, ఆ జవాబు ఎలా ఉండాలో కూడా తేలుతుంది.

ఇంగ్లీషు దేశాల్లో ఈ పని ఎలా జరిగిందో ముందు చూద్దాం. బ్రిటన్‌లో 1960లో రొమాంటిక్ నావెలిస్ట్స్ అసోసియేషన్ ఏర్పడింది. రెండేళ్లకే, అంటే 1962లో, అది కొత్త రచయితల పథకం ఒకటి మొదలుపెట్టింది. ఇంకా పుస్తకం అచ్చుకాని వాళ్లు రుసుము కట్టి ఏడాదికోసారి తమ రాతప్రతి పంపుకోవచ్చు. అప్పటికే నవలలు వెలువరించిన రచయితలు దాన్ని చదివి, ఎక్కడ బాగుంది, ఎక్కడ జారింది అని వివరంగా రాసి పంపుతారు. చదివింది ఎవరో రాసినవాళ్లకు చెప్పరు. మొహమాటం లేని తీర్పు రావడానికి ఈ చాటు బాగా పనికొస్తుంది. అమెరికాలో 1980లో హ్యూస్టన్ నగరంలో రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా పుట్టింది. దాని స్థాపకుల్లో వివియన్ స్టీఫెన్స్ అనే నల్లజాతి ఎడిటర్ ముఖ్యురాలు. మరుసటి ఏడాది టెక్సాస్‌లోనే మొదటి సమ్మేళనం జరిగింది. తర్వాతి దశాబ్దాల్లో అది వేల మంది వచ్చే జాతరలా పెరిగింది. అయినా కొత్తవాళ్లు వందల డాలర్లు పోసి అక్కడికి వెళ్లింది పేరున్న రచయితలతో ఫొటో దిగడానికి మాత్రమే కాదు. ఎడిటర్‌తోనో ఏజెంటుతోనో ముందే టైము తీసుకుని, ఎదురుగా కూర్చుని, తన నవల ఏమిటో కొద్ది నిమిషాల్లో చెప్పుకునే వీలు అక్కడ ఉండేది. నచ్చితే రాతప్రతి పంపమనేవారు. అచ్చుకాని నవలలకే ‘గోల్డెన్ హార్ట్’ అనే పోటీ కూడా చాలా ఏళ్లు నడిపారు.

ఈ రెండు సంఘాల్లోనూ ఉపన్యాసాలు, విందులు, సన్మానాలు అన్నీ ఉన్నాయి. అవన్నీ తీసేసినా మిగిలే గింజ ఒకటుంది: విషయం తెలిసిన పరాయి మనిషి కొత్త రచయిత పేజీలను పనిగట్టుకుని చదవడం. ఇంట్లోవాళ్లు చదివితే ప్రేమ అడ్డొస్తుంది, స్నేహితులు చదివితే మొహమాటం అడ్డొస్తుంది. ఏ చుట్టరికమూ స్నేహమూ లేని, ప్రేమ నవలల మంచి చెడ్డలు మాత్రం క్షుణ్ణంగా తెలిసిన మనిషి చదివితేనే రాసినవాళ్లకు ఒక కొలత దొరుకుతుంది. రచయితల సమ్మేళనానికి కొత్తవాళ్లు వెళ్లాలా వద్దా అన్నది దీన్నిబట్టే తేల్చుకోవచ్చు. మీ పేజీలు అక్కడ ఎవరైనా చదువుతారా? చదివితే దూరమైనా వెళ్లండి. లేకపోతే, వేదిక మీద ఎంత గొప్పవాళ్లు ఉన్నా అది చూసి రాదగిన సభే తప్ప నేర్చుకునే చోటు కాదు.

నిజానికి ఈ పని తెలుగులో ఒకప్పుడు సభల అవసరం లేకుండానే జరిగింది. వారపత్రికలు చేశాయి. ఆంధ్రప్రభ వారపత్రికలో నీలంరాజు వెంకటశేషయ్య, ఆంధ్రజ్యోతి వారపత్రికలో పురాణం సుబ్రహ్మణ్యశర్మ వంటి సంపాదకుల బల్ల మీదికి టపాలో వచ్చిన కట్టల్లోంచే కొత్త రచయిత్రులు బయటికొచ్చారు. తిరుగు టపాకు తగినన్ని స్టాంపులు జతచేయమని పత్రికలు వేసిన షరతు చిన్నదిగా కనిపిస్తుంది గానీ, నచ్చకపోతే నచ్చలేదని చెప్పే బాధ్యత ఒకరు తీసుకున్నారని దాని అర్థం. నవలల పోటీలు పెట్టారు, బహుమతి ఇచ్చారు, సీరియల్‌గా వేశారు. వారం వారం పాఠకుల ఉత్తరాలు వచ్చాయి. ఎమెస్కో ‘ఇంటింటా సొంత గ్రంథాలయం’ పథకం ఆ నవలలను మధ్యతరగతి ఇళ్లలోకి చేర్చింది. వీటన్నిటి మధ్య ఒక గృహిణి ఇల్లు కదలకుండా రచయిత్రి కాగలిగింది. ఆ ఏర్పాటు ఇవాళ లేదు. 1978లో మొదలై నెలకో నవల అందించిన ‘చతుర’ 2021లో ఆగిపోయింది, దాంతో పాటు ‘విపుల’ కూడా. మిగిలిన కొద్ది పత్రికల్లో సీరియల్‌కు దొరికే చోటు తక్కువ.

వాటి స్థానంలోకి ఫోన్ వచ్చింది. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపిలో తెలుగు ప్రేమ సీరియళ్లు రాసేవాళ్లూ చదివేవాళ్లూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆడియో యాప్‌లలో ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్‌గా ప్రేమకథలు వినిపిస్తున్నాయి. దీన్ని తక్కువ చేయాల్సిన పని లేదు. సంపాదకుడి కులం, పరిచయం, ఇష్టాయిష్టాలు అడ్డురాని తలుపు ఇది. అయితే ఈ తలుపు లోపల ఎవరూ లేరు. రేటింగ్ వస్తుంది, ‘సూపర్ అక్కా, నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు’ అని కామెంట్ వస్తుంది. పన్నెండో భాగంలో నాయిక చేసిన పని ఆమె స్వభావానికి పొసగలేదని చెప్పేవాళ్లు అరుదు. పైగా భాగాలు పెరిగేకొద్దీ చదివేవాళ్లు పెరిగే పద్ధతిలో, నలభై భాగాల్లో ముగియాల్సిన కథ నాలుగు వందలకు సాగుతుంది. రాసే అలవాటు బలపడుతుంది, నవలకు రూపం మాత్రం రాదు.

నేర్పితే రచన వస్తుందా అని అడిగేవాళ్లు ఉంటారు. యద్దనపూడికి ఎవరు నేర్పారు అని కూడా అంటారు. మంచి ప్రశ్నే. ప్రతిభను ఎవరూ ఇవ్వలేరు. కానీ వల్లంపాటి వెంకటసుబ్బయ్య ‘నవలాశిల్పం’, ‘కథాశిల్పం’ రాసి, రెండోదానికి 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న భాషలో శిల్పం అనేదొకటి ఉందనీ దాన్ని చర్చించవచ్చనీ మళ్లీ వాదించనక్కర్లేదు. ప్రేమ నవలకు ఆ శిల్పం మరీ అవసరం. ఎందుకంటే చివరికి ఇద్దరూ ఒకటవుతారని పాఠకులకు మొదటి పేజీలోనే తెలుసు. తెలిసిన ముగింపు కోసం మూడు వందల పేజీలు ఎదురుచూసేలా చేయడం తేలిక కాదు. అదంతా ఆ ఇద్దరి మధ్య అడ్డు ఏమిటన్న దాని మీద నిలబడుతుంది. పాత నవలల్లో అపార్థం ఆ పని చేసింది: అందని ఉత్తరం, సగం విన్న మాట, తప్పుగా చూసిన దృశ్యం. జేబులో ఫోన్, అందులో లొకేషన్, చదివారో లేదో చెప్పే నీలం టిక్కులు ఉన్న రోజుల్లో అపార్థం రెండు రోజులు కూడా నిలవదు. ఇప్పటి అడ్డు ఎక్కడుంది? ఇంటి ఈఎంఐలో ఉంది, వీసాలో ఉంది, అమ్మానాన్నల బాధ్యతలో ఉంది, అన్నిటికన్నా కులంలో ఉంది. 2018లో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ణి పట్టపగలు చంపిన నేల ఇది. ఇక్కడ ప్రేమకు అడ్డు కల్పించుకోవాల్సిన అవసరం రచయితకు లేదు, ఉన్నదాన్ని చూడగల ధైర్యం, చెప్పగల ఒడుపు కావాలి. అలాంటి విషయం నలుగురు రాసేవాళ్లు ఒక గదిలో కూర్చుని, ఒకరి అధ్యాయం మీద ఒకరు వాదించుకున్నప్పుడే పదునెక్కుతుంది.

ప్రేమ నవల కాలక్షేపం, దానికి ఇంత హంగామా ఎందుకన్నది మరో అభ్యంతరం. కాలక్షేపమే అనుకుందాం. లక్షల మంది కాలాన్ని క్షేపించే రచన బాగుండాలని కోరుకోవడంలో తప్పేముంది? ఈ నవలలు ఆడపిల్లలకు ‘సెక్రటరీ’ నాయకుడు రాజశేఖరం లాంటి కారున్న మగవాళ్ల కలలు నేర్పాయన్న విమర్శలో నిజం ఉంది. ఆ విమర్శను రాసేవాళ్ల ముందు పెట్టే చోటు లేకపోవడం వల్లే అది పుస్తకాల్లో ఉండిపోయింది, రాసేవాళ్లు మళ్లీ అదే నాయకుణ్ణి దించుతున్నారు.

బలమైన అభ్యంతరం వేరే ఉంది. అమెరికా సంఘం చివరికి ఏమైందో చూడండి. దాని అవార్డుల చరిత్రలో 2018 వరకు ఒక్క నల్లజాతి రచయిత్రికీ బహుమతి రాలేదు. 2019 డిసెంబరులో, ఒక నవలలోని జాతివివక్షను విమర్శించిన రచయిత్రి కోర్ట్నీ మిలన్ మీద చర్య తీసుకోబోయి సంఘమే చీలిపోయింది. సభ్యులు వెళ్లిపోయారు, 2024లో సంఘం దివాలా పిటిషన్ వేసింది. నల్లజాతి స్త్రీ ముందుండి పెట్టిన సంఘానికి ఈ గతి పట్టింది. దీన్నిబట్టి సమావేశాలే వద్దనుకుంటే పొరపాటు. అవార్డులూ పదవులూ పేరుకున్న చోట అసలు పని వెనక్కి పోతుంది, ఎవరి ప్రేమ ప్రేమగా లెక్కకొస్తుందన్నది కమిటీల చేతిలోకి వెళుతుంది. కులం మాట ఎత్తగానే గొంతు సవరించుకునే మన సభలకు ఈ హెచ్చరిక వర్తించదని ఎవరైనా అనగలరా? బ్రిటన్ సంఘం కొత్త రచయితల పథకం మాత్రం ఆరు దశాబ్దాలు దాటి నడిచింది. చేతులు కలిపి పేజీలు చదివే పనికి ఆయుష్షు ఎక్కువ.

ఇక్కడ చోటు గురించి ఒక మాట. హైదరాబాదులో సాహిత్య సభ అంటే రవీంద్రభారతి, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, బంజారాహిల్స్ లామకాన్. సాయంత్రం ఆరింటికి అని కార్డులో ఉంటుంది, ముఖ్య అతిథి ఏడింటికి వస్తారు. మెట్రో జేబీఎస్ దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి కార్ఖానా, లోతుకుంట దాటి అల్వాల్ చేరేసరికి రాత్రి పది. శామీర్‌పేట, మేడ్చల్ వాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. రాసేవాళ్లలో ఎక్కువ మంది ఇల్లూ ఉద్యోగమూ రెండూ చూసుకునే స్త్రీలైనప్పుడు ఈ వేళా ఈ దూరమూ వాళ్లను వద్దని చెప్పకుండానే ఆపేస్తాయి. ఆదివారం పగలు పదింటి నుంచి నాలుగింటి దాకా, అల్వాల్‌లో ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాలో స్కూలు గదో చాలు. ఇరవై మందికి మించకూడదు, ఎవరి పేజీలు వాళ్లు వారం ముందే పంపాలి.

ఆ రోజు ఒక గంట చట్టానికి కేటాయించాలి. ప్రేమ సీరియల్ ఇవాళ పుస్తకంగా, రేపు ఆడియోగా, ఎల్లుండి వెబ్ సిరీస్‌గా మారే సరుకు. కొత్తవాళ్లు ఒప్పందం చదవకుండా ‘ఐ అగ్రీ’ నొక్కేస్తారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నాళ్లకో రాయకపోతే అయిదేళ్లకే ఇచ్చినట్టు, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే ఇచ్చినట్టు లెక్క. 2012 సవరణ తర్వాత, ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమం హక్కు, దాని పేరు స్పష్టంగా రాస్తే తప్ప, అవతలివాళ్లకు పోదు. ఈ నాలుగు ముక్కలు తెలిసిన రచయితకూ తెలియని రచయితకూ తేడా డబ్బుల్లో కనిపిస్తుంది. అల్వాల్ నుంచి రాజీవ్ రహదారి మీద కాస్త ముందుకు వెళితే శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమే ఉంది. ఈ విషయం విడమరిచి చెప్పగలవాళ్ల కోసం మరీ దూరం వెతకనక్కర్లేదు.

వెళ్లేవాళ్లకూ ఒక సూచన. నవల పూర్తయ్యాక వెళదామని ఆగవద్దు, ఏమీ రాయకుండానూ వెళ్లవద్దు. మొదటి అధ్యాయం, కథ మొత్తం ఒక పేజీలో, అంతే చాలు. మీ పేజీల గురించి మాట్లాడుతున్నప్పుడు సమర్థించుకోకుండా రాసుకోండి. ముగ్గురు ఒకేచోట ఆగితే అక్కడ నిజంగానే ఏదో ఉంది. ఒక్కరే ఆగితే అది ఆ మనిషి ఇష్టం కావచ్చు, వదిలేసినా ఫరవాలేదు. అల్వాల్, బొల్లారం, మేడ్చల్ ప్రాంతాల సాహితీ సంఘాలకు విన్నపం ఒక్కటే: వచ్చే సభకు ఆహ్వానపత్రిక అచ్చుకిచ్చే ముందు అతిథుల పేర్లలో నాలుగు తగ్గించి, ఆ చోట ‘కొత్తగా రాస్తున్నవారు పది పేజీలు ముందుగా పంపండి, చదివి చెబుతాం’ అని వేయించండి.