టోంకిన్ సింధుశాఖ తీర్మానంపై విమర్శలు

టోంకిన్ సింధుశాఖ తీర్మానం అనేది 1964 ఆగష్టు 7న అమెరికా సంయుక్త రాష్ట్రాల కాంగ్రెసు ఆమోదించిన తీర్మానం. ఆగ్నేయాసియాలో సైనికబలాన్ని వినియోగించడానికి ఇది అధ్యక్షుడు లిండన్ బి. జాన్సన్‌కు అధికారమిచ్చింది. అధికారికంగా యుద్ధప్రకటన చేయకుండానే వియత్నాం యుద్ధాన్ని విస్తరించడానికి ఇదే ఆధారమైంది. అధ్యక్షుడి వాదనపై విమర్శలు ముఖ్యంగా రెండు విధాలు. ఒకటి, ఆయన చెప్పిన సంఘటనల యథార్థతకు సంబంధించినది. రెండవది, యుద్ధ నిర్ణయాన్ని ఒకే వ్యక్తికి అప్పగించడం రాజ్యాంగ సమ్మతమా అన్నది.

నేపథ్యం

టోంకిన్ సింధుశాఖ ఉత్తర వియత్నాం తీరానికి తూర్పున ఉన్నది. 1964 ఆగష్టు 2న అక్కడ నిఘా విధిలో ఉన్న మాడాక్స్ అనే అమెరికా యుద్ధనౌకపై మూడు ఉత్తర వియత్నాం టార్పెడో పడవలు దాడి చేశాయి. ఈ దాడి జరిగిందనడంలో వివాదం లేదు. అమెరికా నావికులెవరూ మరణించలేదు.

ఆగష్టు 4 రాత్రి మాడాక్స్, టర్నర్ జాయ్ నౌకలు తమపై మరల దాడి జరుగుతున్నదని తెలిపాయి. కొన్ని గంటలకే మాడాక్స్‌పై ఉన్న అధికారి జాన్ హెరిక్ మరొక సందేశం పంపాడు. వాతావరణం సరిగా లేనందువలన రాడార్, సోనార్ సంకేతాలను పొరబడి ఉండవచ్చునని, తదుపరి చర్యకు ముందు పూర్తి పరిశీలన అవసరమని అందులో సూచించాడు. అయినప్పటికీ వాషింగ్టన్‌లో అదే తేదీ రాత్రి జాన్సన్ టెలివిజన్‌లో ప్రసంగించి ప్రతిదాడులను ప్రకటించాడు. అమెరికా విస్తృత యుద్ధాన్ని కోరడం లేదని కూడా చెప్పాడు.

తీర్మానం ప్రతినిధుల సభలో 416-0 ఓట్లతోను, సెనేట్‌లో 88-2 ఓట్లతోను నెగ్గింది.

సెనేట్‌లో వ్యతిరేకత

వ్యతిరేకంగా ఓటు వేసినవారు ఒరెగాన్ సెనేటర్ వేన్ మోర్స్, అలాస్కా సెనేటర్ ఎర్నెస్ట్ గ్రూనింగ్. ఇద్దరూ జాన్సన్ సొంత పార్టీ అయిన డెమొక్రాటిక్ పార్టీకి చెందినవారే. యుద్ధం ప్రకటించే అధికారం రాజ్యాంగం ప్రకారం కాంగ్రెసుదేనని, దానిని ముందుగానే అధ్యక్షుడికి ధారపోయరాదని మోర్స్ వాదించాడు. రెండవ దాడి నిజమైనా కాకపోయినా ఈ వాదన నిలుస్తుంది. 1968 ఎన్నికలలో వీరిద్దరూ తమ స్థానాలను కోల్పోయారు.

విస్కాన్సిన్ సెనేటర్ గేలార్డ్ నెల్సన్ తీర్మానపు పరిధిని కుదించే సవరణ ప్రతిపాదించాడు. విదేశీ వ్యవహారాల సంఘం అధ్యక్షుడు విలియం ఫుల్‌బ్రైట్ అది అనవసరమని భావించి అంగీకరించలేదు. తరువాతి కాలంలో ఇదే ఫుల్‌బ్రైట్ యుద్ధాన్ని తీవ్రంగా విమర్శించాడు.

వాస్తవాలపై విమర్శలు

* దాడులు అకారణమైనవని ప్రభుత్వం చెప్పింది. కానీ జులై నెలాఖరున దక్షిణ వియత్నాం పడవలు ఉత్తర వియత్నాం ద్వీపాలపై దాడి చేశాయి. అమెరికా తోడ్పాటుతో నడిచిన ఈ రహస్య కార్యక్రమం పేరు '34ఎ'. దీని పూర్తి వివరాలు సభ్యులకు తెలియజేయలేదు.
* తీర్మానపు ముసాయిదాలు సంఘటనకు కొన్ని నెలల ముందే సిద్ధమైనట్లు 1971లో వెలువడిన పెంటగన్ పత్రాలు తెలిపాయి.
* ఆ రాత్రి నౌకలపై విమానం నడిపిన జేమ్స్ స్టాక్‌డేల్, తనకు శత్రువుల పడవ ఒక్కటీ కనిపించలేదని తరువాత వెల్లడించాడు.
* 2005లో బహిర్గతమైన జాతీయ భద్రతా సంస్థ చరిత్రకారుడు రాబర్ట్ హాన్యాక్ అధ్యయనం, ఆగష్టు 4న దాడి జరగలేదని, దాడిని సమర్థించేలా రహస్య సమాచారాన్ని ఎంపిక చేసి అందించారని నిర్ధారించింది.

అయితే జాన్సన్ తెలిసి అబద్ధమాడాడని హాన్యాక్ చెప్పలేదు. పొరపాటు ఆ సంస్థలోనే మొదలైందని, దానిని కప్పిపుచ్చారని ఆయన అభిప్రాయం. జాన్సన్ సమర్థకులు దీనిని పేర్కొంటారు. సందేహాలు తీరేవరకు ఆగకుండా చర్య తీసుకోవడమే తప్పని విమర్శకుల సమాధానం.

పర్యవసానం

1965 మార్చిలో ఉత్తర వియత్నాంపై నిరంతర బాంబుదాడులు మొదలయ్యాయి. అదే నెల అమెరికా మెరైన్లు దనాంగ్‌లో దిగారు. ఈ తీర్మానం ఆచరణలో యుద్ధప్రకటనతో సమానమని 1967లో ప్రభుత్వ పక్షాన నికోలస్ కాట్జెన్‌బాక్ వాదించడంతో, తాము ఎంత అధికారం వదులుకున్నారో పలువురు సెనేటర్లకు అర్థమైంది. 1971 జనవరిలో తీర్మానం రద్దయినా యుద్ధం ఆగలేదు. ఈ యుద్ధంలో 58 వేలకు పైగా అమెరికన్ సైనికులు, లక్షలాది వియత్నామీయులు మరణించారు.

1973లో కాంగ్రెసు అధ్యక్షుడు నిక్సన్ వీటోను త్రోసిపుచ్చి యుద్ధాధికారాల తీర్మానం చేసింది. దీని ప్రకారం సైన్యాన్ని పోరుకు దింపిన 48 గంటలలో అధ్యక్షుడు కాంగ్రెసుకు తెలియజేయాలి. అనుమతి లభించకపోతే సాధారణంగా 60 రోజులలో ఆ చర్య ముగించాలి.

2002లో ఇరాక్‌పై సైనికచర్యకు అధ్యక్షుడు జార్జి డబ్ల్యు. బుష్ అనుమతి కోరినప్పుడు సెనేటర్ రాబర్ట్ బర్డ్ ఈ ఉదంతాన్ని గుర్తుచేశాడు. 1964లో తాను అనుకూలంగా ఓటు వేసినందుకు విచారం వ్యక్తపరచి, ఈసారి వ్యతిరేకంగా ఓటు వేశాడు. తీర్మానం నెగ్గింది. 2003లో యుద్ధం జరిగాక, కారణంగా చూపిన సామూహిక జనహనన ఆయుధ నిల్వలు ఇరాక్‌లో లభించలేదు.

ఇవి కూడా చూడండి

* వియత్నాం యుద్ధం
* లిండన్ బి. జాన్సన్
* పెంటగన్ పత్రాలు
* ఇరాక్ యుద్ధం