ఉష్ణశాస్త్ర దృష్టిలో ఉలవచారు

చలికాలంలో మనిషి కోరుకునే చిక్కని, పుష్టికరమైన, పొగలు కక్కే భోజనం వల్ల దేహానికి కలిగే వెచ్చదనం ఒకే తీరుది కాదు. వండిన పదార్థం తన ఉష్ణాన్ని నేరుగా శరీరానికి అందించడం వాహితోష్ణం. తిన్నదాన్ని జీర్ణించి, శోషించి, నిల్వ చేసుకునే శ్రమలో దేహంలోనే పుట్టేది ఆహారజన్యోష్ణం. మిరియాలు, మిరపకాయల వంటివి నాడులను ప్రేరేపించడం వల్ల తోచేది ఇంద్రియోష్ణం. ఈ విభజన మన చర్చకు అనుకూలంగా చేసుకున్నదే అయినా, మూడింటి పరిమాణాలను విడివిడిగా లెక్కించి చూడనిదే చలికాలపు వంటల ప్రయోజనం బోధపడదు.

వాహితోష్ణంతో మొదలుపెడదాం. 60 డిగ్రీల సెల్సియస్ వేడిగల పావు లీటరు చారు దేహోష్ణమైన 37 డిగ్రీలకు దిగే లోపల సుమారు 5.75 కిలోకేలరీల ఉష్ణాన్ని వదులుతుంది. అరవై కిలోల బరువున్న మనిషి విశ్రాంతిగా కూర్చున్నా అతని దేహం గంటకు రమారమి 60 కిలోకేలరీల ఉష్ణాన్ని పుట్టిస్తూనే ఉంటుంది. అంటే గిన్నెడు వేడి చారు ఇచ్చేది దేహం ఆరు నిమిషాలలో తానే తయారుచేసుకోగలిగినంత. దేహమంతటా పరుచుకుంటే డిగ్రీలో పదోవంతుకు కాస్త పైన మాత్రమే. లంబసింగి చలిలో ఆ చారు తాగినవారికి ఈ లెక్క నమ్మశక్యంగా తోచకపోవచ్చు. నోరు, గొంతు, గిన్నెను పట్టుకున్న అరచేతులు ఉష్ణ నాడులు దట్టంగా ఉన్న చోట్లు కావడం వల్ల అల్ప ఉష్ణమే అధికమైన హాయిగా అనుభవానికి వస్తుంది.

ఇంద్రియోష్ణం సంగతి ఇంతకంటే విచిత్రం. నాడీకణాల పైపొరలో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఒకటి ఉంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలినప్పుడు తెరుచుకోవడం దాని పని. మిరపలోని క్యాప్సైసిన్, మిరియాలలోని పైపరిన్ అదే గ్రాహకాన్ని వేడి లేకుండానే తెరుస్తాయి. డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ గ్రాహకాన్ని గుర్తించింది. ఆయన 2021 నోబెల్ వైద్య పురస్కారాన్ని ఆర్డెమ్ పటపూటియన్‌తో పంచుకున్నారు. కాలుతున్నదన్న సంకేతం అందుకున్న మెదడు చెమట పట్టిస్తుంది, చర్మంలోని రక్తనాళాలను వ్యాకోచింపజేస్తుంది. ఈ రెండూ దేహాన్ని చల్లబరిచే చర్యలే. కాబట్టి ఘాటైన మిరియాల చారు వెచ్చదనాన్ని స్ఫురింపజేస్తూనే ఉష్ణ నష్టాన్ని పెంచగలదు.

ఇక మిగిలినది ఆహారజన్యోష్ణం. నిలకడగా పనిచేసేది ఇదే. మాంసకృత్తుల నుంచి లభించే శక్తిలో 20 నుంచి 30 శాతం, పిండిపదార్థాల శక్తిలో 5 నుంచి 10 శాతం వాటిని జీర్ణించుకునే క్రమంలోనే ఉష్ణంగా మారిపోతాయి. కొవ్వులలో ఈ వాటా 3 శాతానికి మించదు. ఈ ఉష్ణం భోజనానంతరం కొన్ని గంటలపాటు క్రమంగా విడుదలవుతుంది. ఉలవలను ఆయుర్వేదం ఉష్ణవీర్య ద్రవ్యాలలో చేర్చింది. ఆ వర్గీకరణను ఉష్ణమాపకంతో కొలవబూనడం సరికాదు గాని, ఎండు ఉలవల బరువులో ఐదోవంతుకు పైగా మాంసకృత్తులే అన్న సంగతి మాత్రం గమనార్హం.

ఆ పుష్టి దక్కాలంటే ముందు గింజ మెత్తగా ఉడకాలి, ఉలవల గింజేమో గట్టిది. రాత్రంతా నానబెట్టి, ఆ నీటిని పారబోస్తే కడుపుబ్బరానికి కారణమైన రాఫినోజ్ వర్గపు చక్కెరలు కొంతమేర తొలగిపోతాయి. గింజ మెత్తబడటమంటే కణాల మధ్య బంధకంగా ఉన్న పెక్టిన్ కరిగి విడిపోవడమే. నీటిలో కాల్షియం అధికంగా ఉంటే అది పెక్టిన్‌ను మరింత బిగిస్తుంది. బోరునీటితో వండే ఇళ్లలో ఉలవలు ఎంతకీ ఉడకకపోవడానికి మూలం ఇదే. ఆమ్లం కూడా అదే విధంగా అడ్డుపడుతుంది గనుక చింతపండు పులుసును గింజ పూర్తిగా ఉడికిన తర్వాతే కలపాలి. వంటసోడా వేస్తే త్వరగా మెత్తబడే మాట నిజమే, కాని దానివల్ల థయమిన్ అనే బి1 విటమిన్ నశిస్తుంది. దానికంటే 120 డిగ్రీల వరకు వేడెక్కే ప్రెషర్ కుకర్ మేలైన మార్గం.

ఉడికిన ఉలవల నుంచి వార్చిన కట్టు గంటల తరబడి మరిగి చిక్కబడుతుంది. గింజ నుంచి వెలువడిన పిండిపదార్థం నీటిని పీల్చి ఉబ్బడం వల్ల ద్రవం స్నిగ్ధత పెరుగుతుంది. స్నిగ్ధత పెరిగినకొద్దీ లోపలి వేడి ద్రవం పైకి, పైనున్న చల్లనిది కిందికి తిరిగే సంవహనం మందగించి, చారు నెమ్మదిగా చల్లారుతుంది. వేడి పానీయం చల్లారడంలో బాష్పీభవనానిదే పెద్దవాటా. ఒక్క గ్రాము నీరు ఆవిరైతే 500 కేలరీలకు పైగా గుప్తోష్ణాన్ని తీసుకుపోతుంది. వడ్డించేటప్పుడు పైన వేసే వెన్న కరిగి, తెరలా పరుచుకుని ఆ ఆవిరిని అడ్డుకుంటుంది. ఉలవచారులో వెన్న రుచికి మాత్రమేనని భావించే పాఠకులు, వెన్న వేసిన గిన్నెను, వేయని గిన్నెను పక్కపక్కన ఉంచి ఉష్ణమాపకంతో పరీక్షించి చూడవచ్చు.

అయితే ఇక్కడొక లోపాన్ని చెప్పక తప్పదు. పూర్వం పల్లెల్లో కట్టును చారుకు వార్చుకొని, ఉడికిన గింజను పశువులకు దాణాగా పెట్టేవారు. మాంసకృత్తులలో అధికభాగం గింజలోనే మిగులుతుంది గనుక, రుచి రైతుకు, పుష్టి ఎద్దుకు దక్కేవన్నమాట! దుక్కి దున్నవలసిన ఎద్దుకు అది న్యాయమే గాని, ఎద్దులు లేని ఇంట గింజను పారవేయడం అవివేకం. గుప్పెడు గింజను మెత్తగా నూరి కట్టులో కలిపి, మిగిలినదానికి తాలింపు పెట్టి గుగ్గిళ్లు చేసుకుంటే ఆహారజన్యోష్ణం కూడా మనకే లభిస్తుంది.

భోగినాడు కాల్చే నువ్వుల సజ్జరొట్టె ఈ కోవలోనిదే అయినా దాని బలం వేరు: బరువులో దాదాపు సగం కొవ్వే అయిన నువ్వులు దానిని ఇంధనంగా మారుస్తాయి. తెల్లవారుజామున పొలానికి వెళ్లేవారికి ఆ ఇంధనం అవసరం. దుప్పటి కప్పుకొని ఇంట్లో కూర్చునేవారికి మన ప్రాంతపు చలి అంత అదనపు ఆహారాన్ని కోరదు.

ఉలవచారు వేడిని నిలుపుకోవడం విస్తరి ముందు గుణమైతే, మిగిలినదాన్ని దాచేటప్పుడు దోషమవుతుంది. చిక్కని చారు పెద్ద పాత్రలో చాలాసేపు గోరువెచ్చగానే ఉంటుంది, మరిగించినా చావని సూక్ష్మజీవుల సిద్ధబీజాలు మొలకెత్తడానికి అదే అనుకూలమైన వేడి. అందువల్ల మిగిలిన చారును వెడల్పాటి పళ్లాలలో పలుచగా పోసి, రెండు గంటలలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి; మరునాడు వెచ్చబెట్టి సరిపెట్టక, గరిటెతో అడుగువరకు కలుపుతూ తెర్లేదాకా మరిగించాలి.